చెప్పులు కుట్టిన చేయి తెలుగు వ్యాకరణం రాసింది

1806వ సంవత్సరం జూన్ నెలలో ఒకనాడు. కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో దేశభాషలు బోధించే ఒక ఆంగ్లేయుడు ఉదయం ఆరు కొట్టకముందే నిద్ర లేచాడు. హీబ్రూ బైబిలులో ఒక అధ్యాయం చదివి ప్రార్థన ముగించాడు. టీ పోస్తుండగానే, అప్పటికే వచ్చి కూర్చున్న మునిషీతో పారశీకం కొంత చదివాడు. ఫలహారం అయ్యీ కాగానే సంస్కృత పండితుడితో కలిసి రామాయణం అనువాదానికి కూర్చున్నాడు. పది గంటలకు కళాశాలకు వెళ్ళాడు. తిరిగి వచ్చాక బెంగాలీ బైబిలు ప్రూఫులు దిద్దాడు. భోజనానంతరం మత్తయి సువార్తలో ఒక అధ్యాయం చాలా భాగాన్ని సంస్కృతంలోకి మార్చేసరికి సాయంత్రం ఆరయింది.

ఆరు దాటాక ఆయన ఒక తెలుగు పండితుడి ఎదుట శిష్యుడిలా కూర్చున్నాడు. తెలుగు నేర్చుకోవడానికి. అప్పటికి ఆయన వయస్సు 44 సంవత్సరాలు.

అంతటితో దినం ముగియలేదు. ఏడున్నరకు ప్రసంగం చేశాడు. ఆపైన రాత్రి పదకొండు గంటల దాకా యెహెజ్కేలు గ్రంథాన్ని బెంగాలీలోకి అనువదిస్తూ కూర్చున్నాడు. ఇంగ్లండులో ఉన్న మిత్రుడికి తాను తరచు ఉత్తరాలు ఎందుకు రాయలేకపోతున్నదీ సంజాయిషీ చెప్పుకుంటూ ఆయన ఈ దినచర్య ఏకరువు పెట్టాడు. లేకపోతే ఆ సాయంత్రపు తెలుగు పాఠం సంగతి మనకు తెలిసేది కాదు.

ఆయన పేరు విలియం కేరీ. కళాశాలలో బోధించే ఈ దొర ఏ కళాశాలలోనూ చదివినవాడు కాడు. పద్నాలుగేళ్ళ వయస్సులోనే బడి మాని, చెప్పులు కుట్టే పనిలో చేరినవాడు.

మగ్గం ఇంటి పిల్లవాడు

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పరీ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి ఎడ్మండ్ నేతపని చేసేవాడు. విలియంకు ఆరేళ్ళప్పుడు తండ్రికి ఊరి బడి పంతులు ఉద్యోగం, దానితోపాటు చర్చి గుమాస్తా పని దొరికాయి. కుర్రవాడికి పురుగులన్నా మొక్కలన్నా మహా ఇష్టం. దొరికినవన్నీ తెచ్చి తన గదిలో చేర్చేవాడు. అయితే ఎండలో పనిచేస్తే చర్మానికి పడేది కాదు. అందువల్ల పొలం పనికి పనికిరాడని తేలింది. నీడపట్టున కూర్చుని చేసే పని చూడాలని తండ్రి అతన్ని పిడింగ్టన్ గ్రామంలో క్లార్క్ నికొల్స్ అనే చెప్పుల తయారీదారు వద్ద పనికి కుదిర్చాడు.

మన దేశంలో ఆ వృత్తికి అంటగట్టిన అంటరానితనం అక్కడ లేదు గాని, చిన్నచూపు మాత్రం ఉండేది. ఏళ్ళ తరువాత కలకత్తాలో ఒక పెద్దల విందులో, కేరీ ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడు కదా అని ఒక అధికారి ఆయనకు వినబడేలా పక్కవారిని అడిగాడట. కేరీ కల్పించుకుని, కాదండీ, తాను తయారుచేసేంత గొప్పవాడు కాదు, పాతవి బాగుచేసేవాడు మాత్రమేనని చెప్పాడట.

నికొల్స్ అంగడిలో కొద్దిపాటి పుస్తకాలుండేవి. వాటిలో క్రొత్త నిబంధన వ్యాఖ్యానం ఒకటి. అందులో అక్కడక్కడ కనబడే వింత అక్షరాలు కుర్రవాడికి అంతుబట్టలేదు. అవి గ్రీకు అక్షరాలు. వాటిని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద దించుకుని, సొంత ఊరు వెళ్ళినప్పుడు టామ్ జోన్స్ అనే మరో నేతపనివాడికి చూపించేవాడు. ఆ జోన్స్ ఒకప్పుడు బాగా చదువుకుని చెడిపోయినవాడు. అతను అర్థం చెబితే రాసుకుని మళ్ళీ పనికి వచ్చేవాడు. విలియం కేరీ భాషాధ్యయనానికి శ్రీకారం ఇదే.

నమ్మకం సైతం వెతుక్కోవలసిందే

అదే అంగడిలో జాన్ వార్ అనే మరో పనికుర్రాడు ఉండేవాడు. అతనిది ప్రభుత్వ చర్చిలో చేరని అసమ్మతివాదుల కుటుంబం. ఆ రోజుల్లో అలాంటివారికి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశం లేదు, కేంబ్రిడ్జిలో చదివినా పట్టా రాదు. చర్చి గుమాస్తా కొడుకైన కేరీకి వారంటే ఏవగింపు. ఇద్దరూ ఆరెలు చేతబట్టుకునే వాదించుకునేవారు. మాటల్లో కేరీయే పైచేయి అనిపించుకునేవాడు. లోలోపల మాత్రం ఓడిపోయింది తానేనని అతనికి తెలుసు.

ఇంతలో ఒక సంఘటన జరిగింది. క్రిస్మస్ మామూళ్ళ కోసం ఊరి వర్తకుల దగ్గరకు వెళ్ళినప్పుడు ఇనుప సామాన్ల వర్తకుడు అతనికి ఒక చెల్లని షిల్లింగు అంటగట్టాడు. కేరీ దాన్ని యజమాని డబ్బులో కలిపి, మంచి షిల్లింగు తాను తీసుకుని, వర్తకుడు యజమానికే చెల్లని నాణెం ఇచ్చినట్టు చెప్పాడు. బండారం బయటపడింది. ఊళ్ళో తల ఎత్తుకోలేకపోయాడు. తండ్రి నమ్మకం, చర్చిలో నేర్చిన ప్రార్థనలు తనను ఒక అబద్ధం నుంచి కూడా కాపాడలేదన్న సంగతి అప్పుడు తెలిసివచ్చింది. పుట్టుకతో అబ్బిన మతం చాలదు, లేఖనాలను తానే చదివి, తానే తేల్చుకోవాలన్న నిశ్చయానికి వచ్చాడు. చివరకు 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్ దగ్గర నెన్ నదిలో బాప్తిస్మం తీసుకుని బాప్టిస్టు సంఘంలో చేరాడు. బాప్తిస్మం ఇచ్చినవాడు చిన్న జాన్ రైలండ్. కలకత్తా దినచర్య ఉత్తరం అందుకున్న మిత్రుడు ఈయనే.

ఈలోగా సంసారం వచ్చిపడింది. 1781లో డరొతీ ప్లాకెట్‌ను వివాహమాడాడు. ఆమెకు రాయడం రాదు. పెళ్ళి రిజిస్టరులో సంతకానికి బదులు గుర్తు పెట్టింది. మొదటి బిడ్డ పసితనంలోనే జ్వరంతో పోయింది. ఆ జ్వరమే తగిలి కేరీ తల వెంట్రుకలన్నీ ఊడిపోయాయి.

గోడమీద ప్రపంచం

1785లో కేరీ మౌల్టన్ గ్రామం చేరాడు. అక్కడ మూడు పనులు: సంఘ కాపరి, బడిపంతులు, చెప్పుల పని. మూడూ కలిపినా ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. అయినా పుస్తకాలు మానలేదు. లాటిన్, గ్రీకు, హీబ్రూ, ఫ్రెంచి, డచ్చి భాషలు ఒకదాని వెంట ఒకటి పట్టాడు. గురువు దొరికితే గురువు, లేకపోతే ఒక వ్యాకరణం, ఒక నిఘంటువు. కెప్టెన్ కుక్ సముద్రయానాల గ్రంథం చదివాక ఆయన దృష్టి ఇంగ్లండు దాటిపోయింది. కాగితాలు అతికించి చేతితో గీసిన ప్రపంచపటాన్ని పనిచేసే చోట గోడకు తగిలించాడు. ఏ దేశంలో ఎంత జనం, ఏ మతం, ఏ స్థితి అన్నది తెలిసినప్పుడల్లా పటం మీద రాసుకునేవాడు.

కెటరింగ్‌లో థామస్ గాచ్ అనే తోలు వర్తకుడుండేవాడు. కేరీ కుట్టిన బూట్లు తీసుకునేది ఆయనే. వారానికి ఎంత సంపాదిస్తున్నావని ఆయన ఒకనాడు అడిగాడు. తొమ్మిది పది షిల్లింగులని కేరీ చెప్పాడు. ఇక మీదట తోలు పాడుచేయవద్దని, చదువుకోమని, వారానికి పది షిల్లింగులు తాను ఇస్తానని గాచ్ అన్నాడు. చేతిపని బాగులేదన్నాడో, బుర్ర బాగుందన్నాడో గాని, కేరీకి మాత్రం రోజుకు కొన్ని గంటలు కలిసివచ్చాయి.

ఇతర దేశాలకు సువార్త అందించే బాధ్యత నేటి క్రైస్తవులకు కూడా ఉందా అన్న ప్రశ్నను కేరీ పాదిరీల సభలో లేవనెత్తాడు. దేవుడు తలచుకుంటే అన్యులను తానే మార్చుకుంటాడు, నీ సహాయం నా సహాయం ఆయనకు అక్కరలేదు, కూర్చో అని పెద్ద రైలండ్ కసిరాడని ప్రతీతి. కొడుకు మాత్రం తన తండ్రి అలా అని ఉండడని వాదించాడు. ఎవరు అన్నా అనకపోయినా, ఆనాటి చాలామంది పెద్దల మనస్సు అదే. దేవుడు చేస్తాడు గనుక మనిషి తెలుసుకోవలసిందీ లేదు, చేయవలసిందీ లేదు.

కేరీ దీనికి గట్టిగా అరిచి జవాబు చెప్పలేదు. లెక్కలు వేశాడు. 1792 మే నెలలో వెలువడిన ఆయన చిన్న పుస్తకం పేరులోనే క్రైస్తవుల బాధ్యత అన్న మాట ఉంది. 87 పేజీల ఆ పుస్తకంలో 23 పేజీలు పట్టికలే. దేశాల వారీగా పొడవు, వెడల్పు, జనాభా, మతం. ప్రపంచ జనాభా 73 కోట్ల 10 లక్షలని ఆయన అంచనా. దూరమనీ, భాష తెలియదనీ, ప్రాణభయమనీ చెప్పే సాకులను ఒక్కొక్కటే తీసుకుని జవాబిచ్చాడు. తోళ్ళ కోసం వర్తకులు వెళ్ళగలిగిన చోటికి విశ్వాసులు ఎందుకు వెళ్ళలేరన్నది ఆయన తర్కం. మత గ్రంథంలో ఇన్ని అంకెలు అప్పట్లో వింత. కాని, ఎదుటివాడు ఎవడో, ఎక్కడున్నాడో, ఎలా బతుకుతున్నాడో తెలుసుకోకుండా అతని కోసం ప్రార్థించడం కేరీకి సమ్మతం కాలేదు. తెలుసుకోవడం కూడా భక్తిలో భాగమేనని ఆయన లెక్క.

అదే ఏడాది అక్టోబరు 2న కెటరింగ్‌లో కొద్దిమంది పాదిరీలు కలిసి సంఘం పెట్టారు. చందాగా 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్సులు వాగ్దానం చేశారు.

డరొతీ

ఇక్కడొక సంగతి దాటవేయరాదు. ప్రపంచమంతా పటంలో చూసుకున్న కేరీ పక్కనే ఉన్న మనిషిని ఎంతమేరకు చూశాడన్నది వేరే ప్రశ్న. భారతదేశం వెళ్ళడానికి డరొతీ ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్న మనిషి. చివరి క్షణాన, చెల్లెలు తోడు వస్తేనే వస్తానంది. 1793 జూన్ 13న డెన్మార్కు ఓడ ఎక్కి, నవంబరు 11న కలకత్తా చేరారు. మిషనరీలంటే ఈస్టిండియా కంపెనీకి గిట్టదు. చేతిలో డబ్బు లేదు, నిలవనీడ లేదు. మరుసటి ఏడు మాల్దా ప్రాంతంలోని ముద్నాబాతి నీలిమందు ఫ్యాక్టరీలో కేరీకి పని దొరికింది. అక్కడ అయిదేళ్ళ కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ తరువాత డరొతీకి మతి చలించింది. 1807 డిసెంబరులో మరణించే దాకా కోలుకోలేదు. పక్క గదిలో ఆమె కేకలు వినబడుతుంటే కేరీ అనువాదాలు చేసుకునేవాడు. పిల్లలు అదుపు తప్పారని సాటి మిషనరీ భార్య హన్నా మార్ష్‌మన్ బాధపడింది. వారిని చేరదీసి దారికి తెచ్చినవాడు విలియం వార్డ్. కేరీ భాషాపాండిత్యాన్ని పొగిడే వారు ఆ ఇంటి గోడల వెనక జరిగిన దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

పండితుల ఎదుట విద్యార్థి

ముద్నాబాతిలో కేరీ గురువు రామ్‌రామ్ బసు. నేర్చుకున్న బెంగాలీతో రైతుల మధ్యకు వెళితే, పండితులకు అర్థమైన భాష రైతులకు అర్థం కాలేదు. పుస్తకాల భాష వేరు, పొలం గట్టున భాష వేరని ఆయనకు తెలిసివచ్చింది. వాడుక భాషకూ గ్రంథ భాషకూ మధ్య పోరు చూసిన తెలుగువారికి ఈ చిక్కు కొత్త కాదు. 1801లో కేరీ పేరిట వెలువడిన సంభాషణల పుస్తకంలో కూలీలు, జాలరులు, దెబ్బలాడుకునే ఆడవాళ్ళు తమ తమ మాటల్లోనే మాట్లాడతారు.

1800 జనవరిలో ఆయన డెన్మార్కువారి అధీనంలోని శ్రీరాంపూర్ చేరాడు. జాషువా మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి ముద్రణాలయం స్థాపించాడు. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడు ఫోర్ట్ విలియం కళాశాల ఆయన్ను ఉపాధ్యాయుడిగా పిలిచింది. ఆ జీతంలో అధికభాగం మిషన్‌కే ఇచ్చేవాడు. లేఖనం ఎవరి భాషలో వారి చేతికి అందాలి, ఎవరికి వారే చదివి తేల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. ఇది జాన్ వార్‌తో వాదించిన నాటి పాఠమే.

తెలుగు బైబిలు పనికి ఆయన ఒక్కడే పూనుకోలేదు. లండన్ మిషనరీ సంఘం తరఫున 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ సువార్తల అనువాదం ప్రారంభించారు. ఇద్దరూ కొద్ది ఏళ్ళలోనే మరణించారు. వారి సువార్తలు అచ్చయింది శ్రీరాంపూర్‌లోనే. కేరీ మాత్రం పండితుల సాయంతో తన అనువాదం, తన వ్యాకరణం వేరుగా సాగించాడు.

అగ్నికి ఆహుతి

1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ ముద్రణాలయం తగలబడింది. కేరీ ఆనాడు కలకత్తాలో ఉన్నాడు. మరునాడు మార్ష్‌మన్ వచ్చి సంగతి చెప్పాడు. కాగితం గుట్టలు, అనేక భాషల అచ్చుటక్షరాలు, లిఖిత ప్రతులు పోయాయి. అనేక భాషలను పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి కూర్చిన మహానిఘంటువు సామగ్రి పోయింది. పంజాబీ వ్యాకరణం పోయింది. తెలుగు వ్యాకరణమూ పోయింది. 1806 నాటి ఆ సాయంత్రంతో మొదలైన శ్రమ అంతా ఒక్క రాత్రిలో బూడిద.

అక్షరాల అచ్చు దిమ్మెలు మాత్రం శిథిలాల్లో దొరికాయి. కరిగిన లోహాన్ని ఏరి మళ్ళీ అక్షరాలు పోతపోశారు. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడవడం తేలిక అన్న ధోరణిలో కేరీ స్నేహితులకు రాశాడు. కూర్చుని మళ్ళీ మొదటి నుంచి రాశాడు. రెండేళ్ళకు, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణం శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఇంగ్లీషులో ముద్రితమైన తొలి తెలుగు వ్యాకరణంగా దాన్నే పేర్కొంటారు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది.

ఆ వ్యాకరణం దోషరహితమని ఎవరూ అనలేదు. తెలుగు నాట కాపురముండని మనిషి, పండితుల నోట విని రాసిన పుస్తకం అది. దక్షిణాది భాషలకు కూడా సంస్కృతమే మూలమని కేరీ భావించాడు. 1816లో మద్రాసులో వెలువడిన కాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఎల్లిస్ దొర రాసిన వ్యాసం ఈ అభిప్రాయాన్ని సూటిగా ఖండించింది. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని ఉదాహరణలతో నిరూపించింది. కేరీ పొరపాటే ఎల్లిస్ చేత ఆ మాట చెప్పించిందంటే అతిశయోక్తి కాదు. అనువాదాలదీ ఇదే కథ. చాలా భాషల్లో తరువాతివారు మళ్ళీ చేయవలసివచ్చింది. కేరీయే తన బెంగాలీ అనువాదాన్ని 70 ఏళ్ళ వయస్సులో కూడా దిద్దుతూనే ఉన్నాడు. నాణెం విషయంలో అబద్ధమాడి పట్టుబడిన ఆ కుర్రవాడు, పుస్తకం విషయంలో తప్పు ఒప్పుకోవడానికి సంకోచించలేదు.

సామర్లకోట మొక్కలు

చిన్ననాటి మొక్కల పిచ్చి కూడా ఆయన్ను వదల్లేదు. కలకత్తా వృక్షోద్యానం అధిపతి విలియం రాక్స్‌బరో ఆయన మిత్రుడు. ఈ రాక్స్‌బరో 1793 దాకా నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో కంపెనీ తోట పెంచుతూ, కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ, బొమ్మలు వేయిస్తూ గడిపినవాడే. ఆయన స్వదేశం వెళ్ళిపోయి మరణించాక, అచ్చుకాని ఆయన గ్రంథం 'ఫ్లోరా ఇండికా'ను కేరీ శ్రీరాంపూర్‌లో ముద్రించాడు. సంపూర్ణ గ్రంథం 1832లో వెలువడింది. సామర్లకోట పొలాల్లో ఏరిన జ్ఞానం కొంత ఈ దారినే లోకానికి చేరింది. రాక్స్‌బరో ఒక వృక్షజాతికి కేరియా అని మిత్రుడి పేరు పెట్టాడు.

1818లో ప్రారంభమైన శ్రీరాంపూర్ కళాశాలలో అన్ని మతాల, కులాల విద్యార్థులకూ ప్రవేశం కల్పించారు. 1829 డిసెంబరులో సతీసహగమన నిషేధ శాసనం బెంగాలీ అనువాదం కోసం కేరీ చేతికి వచ్చింది. ఆనాడు ఆదివారం. ఆలస్యమైతే ఎందరు స్త్రీలు చితిపాలవుతారోనని, ప్రసంగం మరొకరికి అప్పగించి, సాయంత్రానికల్లా అనువాదం ముగించాడు. ఆదివారం ప్రసంగం చేసే మనిషి ఆనాడు కాగితం కలం పట్టుకుని కూర్చున్నాడు.

తన జీవితం ఎవరైనా రాస్తే, ఓపికగా అడుగు తరువాత అడుగు వేయగలిగినవాడని మాత్రం రాస్తే చాలునని తమ్ముడి కొడుకైన యూస్టేస్‌తో అనేవాడు. ఇంతకు మించిన ప్రతిభ తనకు లేదనేవాడు.

1834 జూన్ 9న కేరీ శ్రీరాంపూర్‌లో కన్నుమూశాడు. భారతదేశం వచ్చిన తరువాత ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు. ఆయన వీలునామాలో మిషన్ ఆస్తిపై తనకు ఏ హక్కూ లేదని రాసుకున్నాడు. ఖనిజాలు, గవ్వలు, పగడాలు, పురుగులు, ఎండబెట్టిన మొక్కలు, వివిధ భాషల బైబిళ్ళు, ఇటాలియన్, జర్మన్ పుస్తకాలు కళాశాలకు ఇచ్చాడు. కొడుకు జాబెజ్‌కు 1,500 రూపాయలు ఇవ్వాలన్నాడు. అంత రొక్కం ఇంట్లో లేదు. తక్కిన పుస్తకాలు అమ్మి ఇమ్మన్నాడు.